అడ్వాన్స్ ఎందుకు తిరిగి రాదు? ఓనర్ మారు తాళంతో లోపలికి రావచ్చా? అద్దె ఇంటి గొడవల్లో చట్టం చెప్పేది ఇదీ..

హైదరాబాద్‌లో ఈమధ్య ఇల్లు మారిన వాళ్లెవరినైనా "అడ్వాన్స్ మొత్తం తిరిగొచ్చిందా?" అని అడిగి చూడండి. ముందు ఒక నవ్వు, తర్వాత ఒక లెక్క వస్తుంది. పెయింటింగ్‌కి నెల అద్దె కట్. క్లీనింగ్‌కి రెండు వేలు కట్. చివరి కరెంటు బిల్లు "వచ్చాక చూద్దాం" అని ఇంకో మూడు వేలు ఆపేశారు. మిగతాది ఎప్పుడిస్తారంటే.. "కొత్తవాళ్లు దిగాక వేస్తా బాబూ, వాళ్లిచ్చే అడ్వాన్స్‌లోంచే కదా నీకిచ్చేది" అనే జవాబు.

ఆ చివరి మాట కాస్త ఆగి వినాలి. అడ్వాన్స్ అంటే ఓనర్ దగ్గర దాచిన మన డబ్బు అని మనం అనుకుంటాం. చాలామంది ఓనర్లకి మాత్రం అది ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బు. హోమ్ లోన్ ఈఎంఐలోనో, పిల్లల ఫీజులోనో కలిసిపోయి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసే రోజుకి ఆ డబ్బు చేతిలో ఉండదు. అప్పుడే గోడ మీద మేకు రంధ్రాలు, కిచెన్ టైల్ మీద నూనె మరక ఒక్కసారిగా కనిపించడం మొదలవుతుంది.

మరి ఇలాంటప్పుడు అద్దెదారుకి చట్టం అండగా ఉంటుందా? ఉంటుంది, కానీ మనం అనుకున్న చోట కాదు. హైదరాబాద్‌లో అద్దెకుంటున్న చాలామందికి తెలియని విషయం ఏంటంటే.. వాళ్ల మీద నిజంగా అమలవుతున్న రూల్ బుక్ వాళ్లు చదవకుండా సంతకం పెట్టిన ఆ రెండు పేజీల అగ్రిమెంటే!

రూ.3,500 గీత

"రెంట్ కంట్రోల్ కోర్టు ఉంది కదా, అక్కడే తేల్చుకుందాం" అనే వాళ్లు చాలామంది కనిపిస్తారు. ఉన్న మాట నిజమే. తెలంగాణలో 1960 నాటి బిల్డింగ్స్ లీజ్, రెంట్, ఎవిక్షన్ కంట్రోల్ చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన చట్టమే ఇది. అద్దెదారుకి బలమైన రక్షణలే ఇచ్చింది. ఓనర్ తీసుకునే అడ్వాన్స్ ఒక నెల అద్దె దాటకూడదని కూడా చెప్పింది.

గూడూరు మోడరన్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఈ రూల్‌నే గట్టిగా పట్టుకుంది. అద్దె బాకీ పడ్డారు కాబట్టి హోటల్‌ని ఖాళీ చేయించాలన్నది ఓనర్ వాదన. చట్టం ఒప్పుకున్న దానికంటే ఎక్కువ అడ్వాన్స్ ఓనర్ దగ్గరే ఉన్నప్పుడు, ఆ డబ్బు అద్దెకి సరిపోతున్నప్పుడు ఇక బాకీ ఎక్కడిదని కోర్టు అద్దెదారు వైపు నిలబడింది.

వినడానికి బాగుంది కదా. అయితే ట్విస్ట్ ఇక్కడే ఉంది. 2005లో వచ్చిన సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె రూ.3,500 దాటిన ఇళ్లకి, మిగతా చోట్ల రూ.2,000 దాటిన ఇళ్లకి ఈ చట్టం వర్తించదు. ఇవాళ కేపీహెచ్‌బీలో షేరింగ్ హాస్టల్ బెడ్‌కే అంతకంటే ఎక్కువ కట్టాలి. మణికొండ, మియాపూర్, కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ సంగతి చెప్పక్కర్లేదు. అంటే చట్టం పుస్తకంలో ఉంది, కోర్టు కూడా ఉంది.. లోపలికి వెళ్లడానికి మాత్రం మనలో చాలామందికి అర్హత లేదు. ఈ ఇరవై ఏళ్లలో అద్దెలు ఎక్కడికో వెళ్లిపోయాయి, ఆ గీత మాత్రం కదల్లేదు.

రెంట్ కంట్రోల్ చట్టం వర్తించకపోతే ఏం మిగులుతుంది? 1882లో బ్రిటిష్ వాళ్లు చేసిన ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్, అంటే ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షన్‌లో ఓనర్ బాధ్యతలు, అద్దెదారు బాధ్యతలు వరుసగా ఉన్నాయి. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే ఒక షరతు ఉంది. ఇద్దరూ వేరేలా రాసుకోకపోతేనే, స్థానిక ఆనవాయితీ వేరేలా లేకపోతేనే ఇవి వర్తిస్తాయట. అగ్రిమెంట్‌లో ఏం రాస్తే అదే నడుస్తుంది అన్నమాట.

ఇక ఆ అగ్రిమెంట్ ఎలా పుడుతుందో అందరికీ తెలిసిందే. వంద రూపాయల స్టాంప్ పేపర్, జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌లో ఎప్పటినుంచో ఉన్న ఫార్మాట్, పేర్లు, అడ్రస్ మార్చి ప్రింట్. గడువు ఎప్పటిలాగే 11 నెలలు. కిందా మీదా సంతకం పెట్టి తాళాలు తీసుకుంటాం. సామాన్ల ఆటో కింద ఆగి ఉంటుంది, చదివే టైమ్ ఎవరికి ఉంటుంది?

పెయింటింగ్ పేరుతో ఒక నెల

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. అద్దె రూ.22,000, అడ్వాన్స్ రెండు నెలలు అంటే రూ.44,000. రెండేళ్లు ఉండి ఖాళీ చేశారు. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కట్. చేతికొచ్చేది సగమే.

అగ్రిమెంట్‌లో పెయింటింగ్ ఊసే లేదనుకోండి, అప్పుడు 108వ సెక్షన్ మన వైపు ఉంటుంది. ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి అద్దెదారు బాధ్యుడు కాదు అని అందులో ఉంది. రెండేళ్లలో గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల. పిల్లాడు క్రేయాన్లతో హాల్ అంతా బొమ్మలు గీస్తే అది వేరే సంగతి. తలుపు పగలడం, వాష్ బేసిన్ విరగడం డ్యామేజీ. ఈ తేడా పట్టుకుని అడగొచ్చు.

అయితే "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఛార్జీల కింద ఒక నెల అద్దె మినహాయించుకోబడును" అనే లైన్ అగ్రిమెంట్‌లో ఉంటే మాత్రం కష్టమే. అది మనం ఒప్పుకున్న షరతు. ఎనిమిది నెలలకే ఖాళీ చేసినా అదే కటింగ్, ఐదేళ్లున్నా అదే కటింగ్. ముగ్గురు అద్దెదారుల దగ్గర పెయింటింగ్ డబ్బులు తీసుకుని గోడకి ఒక్కసారే రంగు వేయించిన ఓనర్ల కథలు ఏ ఆఫీస్ క్యాంటీన్‌లోనైనా వినొచ్చు. మా ఆఫీసులో అయితే దాని మీద ఒక ఎపిసోడే చేయొచ్చు.

అందుకే బేరం ఆడాల్సింది ఖాళీ చేసే రోజు కాదు, దిగే రోజు. "ఒక నెల అద్దె" అనే మాట తీయించి "బిల్లు చూపించిన అసలు ఖర్చు, అది కూడా నెల అద్దెకి మించకుండా" అని రాయించుకోండి. ఏడాదిలోపు ఖాళీ చేస్తే పెయింటింగ్ ఉండదని ఇంకో లైన్ అడగండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఓనర్ ఇలాంటివి ఒప్పుకునే ఛాన్స్ ఎక్కువ.

నోటీస్ పీరియడ్ కూడా ఇలాగే అడ్వాన్స్‌ని తినేస్తుంది. నెలనెలా నడిచే అద్దెకి చట్టం అడిగేది 15 రోజుల నోటీసే. కానీ అగ్రిమెంట్‌లో రెండు నెలలని ఉంటే రెండు నెలలే. ఉద్యోగం బెంగళూరుకో పుణెకో మారి పదిహేను రోజుల్లో వెళ్లాల్సి వస్తే మిగతా రోజుల అద్దె అడ్వాన్స్‌లోంచే పోతుంది.

ఓనర్ల వైపు కథ కూడా ఉంది. రిటైరైన దంపతులు పైన ఉండి, కింది పోర్షన్ అద్దెతో మందుల ఖర్చు వెళ్లదీసుకునే ఇళ్లు సిటీలో ఎన్నో. అలాంటి చోట చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా "అడ్వాన్స్‌లో పట్టుకోండి అంకుల్" అని చెప్పి, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బాకీ పెట్టి రాత్రికి రాత్రి సామాన్లు సర్దేసిన అద్దెదారులూ ఉన్నారు. అడ్వాన్స్‌ని చివరి నెలల అద్దెగా సర్దుకోవడం అద్దెదారుకి దానంతట వచ్చే హక్కేం కాదు. అలా దెబ్బతిన్న ఓనర్ తర్వాత వచ్చిన మంచి అద్దెదారుని కూడా అదే కళ్లతో చూస్తారు. అగ్రిమెంట్‌లో షరతులు పెరిగేది అక్కడే.

స్లాబ్ కారుతుంది.. ఓనర్ డాలస్‌లో ఉంటారు

రిపేర్ల గొడవలో హైదరాబాద్‌కి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ చాలా ఫ్లాట్ల ఓనర్లు ఈ దేశంలోనే ఉండరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ఇక్కడ బావమరిదో, దూరపు చుట్టమో, బ్రోకరో చూసుకుంటూ ఉంటారు. పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి నీళ్లు కారి బెడ్‌రూమ్ పెచ్చులు ఊడుతుంటే.. వీడియో తీసి బావమరిదికి పంపాలి, ఆయన అమెరికాకి ఫార్వర్డ్ చేయాలి, అక్కడ తెల్లారాలి. ఈలోపు పై ఫ్లాట్ వాళ్లు "మా దగ్గర లీకేజీ లేదండీ" అంటారు, అసోసియేషన్ వాళ్లు "ఓనర్‌తో మాట్లాడించండి" అంటారు.

1882 చట్టంలో దీనికి ఒక దారి ఉంది. ఓనర్ చేయించాల్సిన రిపేర్‌ని నోటీస్ ఇచ్చాక కూడా తగిన టైమ్‌లో చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇందులో రెండు మెలికలున్నాయి. ముందు నోటీస్ ఇచ్చి ఉండాలి. ఆ రిపేర్ "ఓనర్ చేయించాల్సినది" అయి ఉండాలి. ఏది ఎవరు చేయించాలో అగ్రిమెంట్‌లో లేకపోతే వాదన అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ప్లంబింగ్ లైన్లు, వైరింగ్, స్లాబ్ లీకేజీ, మోటార్ ఓనర్‌వి.. ట్యాపులు, స్విచ్చులు, బల్బులు మనవి అని ఒక పేరా రాయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

నోటీస్ అంటే లాయర్ నోటీసే అక్కర్లేదు. తేదీ కనిపించేలా వాట్సాప్ మెసేజ్, ఫొటోలు, ఒక ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాట మాత్రం గాల్లో కలిసిపోతుంది. ఓనర్ విదేశాల్లో ఉంటే ఇంకో జాగ్రత్త కూడా ముఖ్యం. అగ్రిమెంట్‌లో ఎవరి పేరుంది, అడ్వాన్స్ ఎవరి అకౌంట్‌కి వెళ్లింది, ఆ ఇద్దరూ ఒకరేనా? బావమరిది సంతకం పెడితే ఆయనకి పవర్ ఆఫ్ అటార్నీ ఉందా? లేకపోతే రేపు ఖాళీ చేసేటప్పుడు "డబ్బు నాకు రాలేదు, ఆయన్నే అడగండి" అని ఒకరు, "ఓనర్ చెబితేనే ఇస్తా" అని ఇంకొకరు అంటారు.

"మా ఇల్లేనమ్మా, మేం రాకూడదా?"

డబ్బు గొడవ కంటే ఇది సున్నితమైంది. ముఖ్యంగా ఒంటరిగా ఉండే అమ్మాయిలు, బ్యాచిలర్లు ఎక్కువగా ఎదుర్కొనేది ఇదే. ఆఫీస్ నుంచి వచ్చేసరికి కిచెన్‌లో గిన్నెలు జరిగి ఉంటాయి. అడిగితే "మోటార్ స్విచ్ చూద్దామని వచ్చానమ్మా" అంటారు ఆంటీ. ఫ్రెండ్స్ వచ్చారని తెలిస్తే రాత్రి తొమ్మిదికి బెల్ కొట్టి హాల్లోకి తొంగి చూస్తారు. కొత్త అద్దెదారులకి ఇల్లు చూపించడానికి బ్రోకర్ మారు తాళంతో నేరుగా వచ్చేస్తాడు. గట్టిగా అడిగితే వచ్చే జవాబు ఒక్కటే.. "మా ఇల్లేనమ్మా, మేం రాకూడదా?"

ఇల్లు వాళ్లదే, అందులో డౌట్ లేదు. కానీ అద్దె కడుతున్నంత కాలం ఆ ఇల్లు అద్దెదారు స్వాధీనంలో ఉంటుంది. అద్దె కడుతూ, షరతులు పాటించే వ్యక్తి ఆ ఇంట్లో ఆటంకం లేకుండా ఉండొచ్చని అదే 108వ సెక్షన్ చెబుతుంది. ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి ఓనర్‌ని రానివ్వాలని కూడా అందులోనే ఉంది. అయితే "తగిన సమయాల్లో" అనే మాట కలిపింది. తగిన సమయం అంటే ఎన్ని గంటలు, ఎంత ముందు చెప్పాలి అనేది లేదు. 1882లో ఆ అవసరం ఎవరికీ కనపడి ఉండదు.

క్రిమినల్ చట్టం చూసేది కూడా స్వాధీనాన్నే. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం ఇంకొకరి స్వాధీనంలో ఉన్న చోటికి నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో వెళ్తే అది అక్రమ ప్రవేశం. నివాసం ఉండే ఇంట్లోకైతే ఏడాది వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇక్కడ ఉద్దేశం కీలకం. పైపు పగిలి నీళ్లు మెట్ల మీదకి వస్తుంటే తాళం తీసిన ఓనర్ మీద కేసు నిలబడదు. ఖాళీ చేయమని బెదిరిస్తూ పదేపదే లోపలికి వచ్చే ఓనర్ సంగతి వేరు.

పోలీస్ స్టేషన్‌లో తరచూ వినిపించే మాట "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి". అడ్వాన్స్ విషయంలో అది చాలావరకు కరెక్టే. కానీ మన ఇంట్లోకి దూరడం, బెదిరించడం, బాత్రూమ్‌లో కెమెరా పెట్టడం సివిల్ మ్యాటర్లు కావు. అప్పుడు అడ్వాన్స్ సంగతి పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు తేదీలతో ఫిర్యాదు రాయాలి. రెండూ కలిపి రాస్తే మొత్తం సివిల్ ఖాతాలోకి పోతుంది. తాళం మార్చుకునే హక్కు ఉందా అంటే.. అగ్రిమెంట్‌లో వద్దని లేకపోతే పాతది దాచిపెట్టి సొంత తాళం వేసుకుని, ఖాళీ చేసేటప్పుడు పాతది బిగించి ఇచ్చేయడం చాలామంది చేసే పని. దిగే రోజే ఓనర్‌కి చెప్పి చేస్తే మాట రాదు.

ఢిల్లీలో తయారైన చట్టం ఇక్కడికి రాలేదు

పైన చెప్పిన గొడవలన్నిటికీ జవాబులు ఒకే చోట రాసిన చట్టం ఒకటుంది. 2021 జూన్ 2న కేంద్ర క్యాబినెట్ మోడల్ టెనెన్సీ యాక్ట్‌ని ఆమోదించింది. ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు. తాళాలు తీసుకున్న రోజే, బాకీలు పోను మిగతాది తిరిగి ఇచ్చేయాలి. ఓనర్ లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ మెసేజ్‌లో గానీ చెప్పాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద లాంటి ఎమర్జెన్సీలకి మినహాయింపు. రంగులు, పైపులు, వైరింగ్ ఓనర్ లిస్టులో ఉన్నాయి. డ్రెయిన్ క్లీనింగ్, స్విచ్చులు, ట్యాపులు అద్దెదారు లిస్టులో ఉన్నాయి. ఓనర్ చేయించకపోతే అద్దెదారు చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు, ఏ నెలలోనూ సగం అద్దెకి మించకుండా.

ఓనర్లకి కూడా ఇందులో భరోసా ఉంది. గడువు ముగిశాక ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలి.

సమస్య ఏంటంటే ఇది మోడల్ మాత్రమే. అద్దెల విషయం రాష్ట్రాల పరిధిలోది కాబట్టి ప్రతి రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకోవాలి. ఈ దారిలో తమ చట్టాలని మార్చుకున్న రాష్ట్రాలుగా కేంద్రం పార్లమెంటుకి మొదట చెప్పిన పేర్లలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఉన్నాయి. కాబట్టి విజయవాడ, విశాఖ వాళ్లు పైన చెప్పిన రూ.3,500 కథ తమకి కూడా అంతే అనుకోవద్దు, అక్కడ వేరే చట్టం ఉంది. తెలంగాణ ఆ పేర్లలో లేదు. కిరాయిల మార్కెట్ ఇంత పెద్దగా ఉన్న హైదరాబాద్‌కే ఈ రూల్స్ లేకపోవడం విచిత్రం.

చదువుకోడానికి బయటికెళ్లిన మనవాళ్లు దీన్ని వెంటనే గుర్తుపడతారు. కాలిఫోర్నియాలో అద్దెకున్న విద్యార్థి ఖాళీ చేస్తే 21 రోజుల్లోపు ఓనర్ డిపాజిట్ ఇవ్వాలి, కట్ చేస్తే దేనికెంతో లిస్టు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో అయితే మామూలు అద్దెల్లో డిపాజిట్ ఓనర్ ఇష్టమొచ్చినట్టు వాడుకునేదే కాదు. ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో 30 రోజుల్లోపు దానికి రక్షణ కల్పించాలి. లేకపోతే డిపాజిట్‌కి మూడు రెట్ల వరకు పెనాల్టీ పడొచ్చు. అక్కడి ఓనర్లు ఏమీ దేవుళ్లు కాదు. గడువు, లెక్క, పెనాల్టీ మూడూ రాసి ఉన్నాయి కాబట్టి ఇస్తారు. ఇదే ఓనర్ డాలస్‌లో తాను అద్దెకున్నప్పుడు లిస్టు అడిగి తీసుకుని ఉంటారు, మణికొండ ఫ్లాట్‌కి మాత్రం లిస్టు ఇవ్వరు!

డబ్బు ఇరుక్కుపోతే ఏం చేయాలి?

ముందు తాళాలు ఇచ్చే రోజు సంగతి. ఖాళీ ఇంటిని ప్రతి గదీ వీడియో తీయండి, మీటర్ రీడింగ్ కనిపించేలా. దిగిన రోజు వీడియో కూడా ఉంటే ఇంకా మంచిది. తాళాలు ఇచ్చాక "ఇవాళ తాళాలు అప్పగించాను, అడ్వాన్స్ ఇంత రావాలి" అని ఒక మెసేజ్ పెట్టండి. ఓనర్ "సరే" అన్నా, "వచ్చే వారం చూద్దాం" అన్నా అదే పెద్ద సాక్ష్యం. ఆ చాట్ ఉన్న ఫోన్‌ని అమ్మేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే దానికి సర్టిఫికెట్ కావాలి.

తర్వాత లాయర్ నోటీస్. చాలా గొడవలు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే సివిల్ కోర్టులో డబ్బు రికవరీ దావా వేయాలి. ఇరవై వేల కోసం కోర్టు ఫీజు, లాయర్ ఫీజు, వాయిదాలు ఎవరు భరిస్తారు? ఓనర్ ధైర్యం కూడా అదే. దీనికంటే చిన్న మొత్తాలకి సరిపోయే దారి లీగల్ సర్వీసెస్ అథారిటీ. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇస్తే ఓనర్‌ని పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ ప్రయత్నం చేస్తారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే వచ్చే అవార్డుకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీల్ ఉండదు. ఓనర్ ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం లేదు, మళ్లీ సివిల్ కోర్టే. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ నంబర్ 15100.

ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు ఓనర్ సామాన్లు బయటపడేసి తాళం వేస్తే? అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు దారి కాకుండా అలా గెంటేయడానికి వీల్లేదు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చు. ఇల్లు ఎవరిది అనే ప్రశ్న అందులో రాదు. అయితే గెంటేసిన రోజు నుంచి ఆరు నెలల్లోపే వేయాలి. అడ్వాన్స్ డబ్బు దావాకి మాత్రం మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది.